తీర్మానం: జీడీబీ డీబగ్గర్‌కు తెలుగు డెస్క్‌టాప్ రూపం

శ్రీహరికోటలో జరిగిన ప్రోగ్రామింగ్ అభ్యాసకులు, అధ్యాపకుల సర్వసభ్య సమావేశం ఏకగ్రీవంగా ఆమోదించినది.

పూర్వరంగం

లోపాన్ని వెతికి పట్టుకోవడం ఈ దీవికి కొత్త పాఠం కాదు. 1979 ఆగస్టు 10న ఇక్కడి నుంచి ఎగిరిన తొలి ఎస్‌ఎల్‌వి-3 రాకెట్ రెండో దశలో అదుపు తప్పి బంగాళాఖాతంలో పడింది. కారణం వెతికారు, సరిచేశారు. మరుసటి ఏడాది జూలై 18న అదే తరహా రాకెట్‌తో రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో నిలిపారు. 1996 జూన్ 4న యూరప్ వారి ఏరియన్-5 రాకెట్ ఎగిరి నిమిషం గడవకముందే పేలిపోయింది. దానికి మూలం సాఫ్ట్‌వేర్: 64 బిట్ల సంఖ్యను 16 బిట్లలో ఇమడ్చబోయారు. ప్రోగ్రాంలో దాగిన తప్పును ముందుగా పట్టుకునే అలవాటు విద్యార్థి దశలోనే పడాలని ఈ సభ నమ్ముతోంది.

రిచర్డ్ స్టాల్‌మన్ 1986లో మొదట రాసిన జీడీబీ ఈ పనికి గట్టి సాధనం. అది స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. అయితే దాన్ని విడిగా వాడితే పనంతా టెర్మినల్‌లో కమాండ్లు కొట్టి చేయాల్సిందే.

సభ గమనించినవి

లింక్డ్ లిస్ట్ మీద తొలి ప్రోగ్రాం రాసిన విద్యార్థిని తీసుకుందాం. జాబితా చివరనున్న నల్ పాయింటర్‌ను దాటి చదవబోతే ప్రోగ్రాం ఆగిపోతుంది. తెర మీద మిగిలేది ‘సెగ్మెంటేషన్ ఫాల్ట్’ అన్న రెండు మాటలే. జీడీబీ తెరిస్తే ఖాళీ ప్రాంప్ట్ ఎదురవుతుంది. ‘బ్రేక్’, ‘రన్’, ‘నెక్స్ట్’, ‘ప్రింట్’ కమాండ్లు ముందే తెలిసి ఉండాలి. ఒక్క అక్షరం తప్పితే ‘అన్‌డిఫైన్డ్ కమాండ్’ అని జవాబు వస్తుంది. తెలుగు మాధ్యమంలో చదివి వచ్చిన పిల్లలు ఇక్కడే జీడీబీని మూసేసి, ప్రోగ్రాం నిండా ప్రింట్ వాక్యాలు చల్లుకుంటున్నారు. తెలివి లేక కాదు, దారి కనబడక.

ఈ ఇబ్బందిని ముందే గుర్తించినవారున్నారు. జీడీబీ మీద గ్రాఫికల్ తొడుగుగా 1990లలోనే డీడీడీ వచ్చింది. జీడీబీ తయారుచేసినవారే ఇతర ప్రోగ్రాములు దానితో మాట్లాడేందుకు ఎంఐ అనే ఇంటర్‌ఫేస్‌ను సమకూర్చారు. కనుక ఇంజన్‌ను మళ్లీ రాయనక్కరలేదు. దానికి మన భాషలో ముఖం కావాలి.

కావున ఈ సభ తీర్మానించినది ఏమనగా:

1. జీడీబీకి తెలుగు డెస్క్‌టాప్ రూపాన్ని సభ్యులు ఉమ్మడిగా తయారుచేయాలి. జీడీబీ మూలకోడ్‌ను తాకకుండా, దాన్ని వేరే ప్రాసెస్‌గా నడిపి, ఎంఐ ద్వారానే మాట్లాడాలి. మనుషుల కోసం టెర్మినల్‌లో వచ్చే వాక్యాలను చదివి అర్థం తీసే పద్ధతి వద్దు. వెర్షన్ మారి ఆ వాక్యం మారితే మన పని చెడుతుంది.

2. విండోలో ఎడమవైపు మూలకోడ్, కుడివైపు వేరియబుళ్ల విలువలు, కింద ఫంక్షన్ల వరుస ఉండాలి. పంక్తి పక్కన క్లిక్ చేస్తే బ్రేక్‌పాయింట్ పడాలి. ప్రతి క్లిక్‌కూ సమానమైన జీడీబీ కమాండ్ అడుగున కనబడాలి. విద్యార్థి ఒకనాడు విండో లేని సర్వర్ ముందు కూర్చున్నా చేయి తడబడకూడదు.

3. లోప సందేశాన్ని ముందు తెలుగులో చెప్పాలి: ‘తనది కాని మెమరీని ప్రోగ్రాం తాకబోయింది, ఈ పంక్తి దగ్గర’. దాని కిందే అసలు ఇంగ్లిషు సందేశాన్నీ యథాతథంగా ఉంచాలి. బ్రేక్‌పాయింట్, పాయింటర్ వంటి నలిగిన మాటలను తెలుగు లిపిలో అలాగే వాడాలి. కృత్రిమ అనువాదాలు వద్దు.

4. ప్రోగ్రాం అంతులేని లూప్‌లో పడినా విండో బిగుసుకుపోకూడదు. ‘ఆపు’ బటన్ ఎప్పుడూ పనిచేయాలి. విద్యార్థి ప్రోగ్రాం ఇచ్చే అవుట్‌పుట్‌కు వేరే గడి ఉండాలి. అది డీబగ్గర్ మాటలతో కలిసిపోకూడదు.

5. విండోలను క్యూటీ టూల్‌కిట్‌తో కట్టాలి. దానిలోని హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ తెలుగు అక్షరాలను సరిగా కూర్చుతుంది. లైనక్స్‌లో టీకే వంటి టూల్‌కిట్లు ఒత్తులను విడదీసి చూపడం మనకు తెలిసిందే. ‘శ్రీహరికోట’ అన్న పేరే తొలి పరీక్ష. ‘శ్రీ’ విడిపోయి కనబడితే ఆ కూర్పును విడుదల చేయరాదు.

6. మౌస్‌తో చేసే ప్రతి పనికీ కీబోర్డు దారి ఉండాలి. పాత, తక్కువ మెమరీ ఉన్న కంప్యూటర్ మీద పరీక్షించాకే విడుదల చేయాలి. మూలకోడ్‌ను జీడీబీ లాగే జీపీఎల్ మూడో వెర్షన్ కింద అందరికీ ఇవ్వాలి.

7. పనిని విద్యార్థులు, అధ్యాపకులు సమానంగా పంచుకోవాలి. ప్రతి సర్వసభ్య సమావేశంలో నడుస్తున్న కూర్పును అందరి ముందూ నడిపి చూపాలి. మాటల నివేదిక చాలదు.

అధ్యాపక సభ్యులు ప్రతిపాదించగా విద్యార్థి సభ్యులు బలపరిచారు. వ్యతిరేకించినవారు లేరు.

విన్నపం

శ్రీహరికోట, సూళ్లూరుపేట, తడ ప్రాంతాల్లో ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్న ప్రతి ఒక్కరికీ సభ విన్నపం: మీకు అర్థం కాని జీడీబీ సందేశాన్ని ఉన్నదున్నట్టు రాసుకుని, దాన్ని పుట్టించిన ప్రోగ్రాంతో సహా సభకు తీసుకురండి. అనువాదం ఆ సందేశాలతోనే మొదలవుతుంది.