గోడ మీద మన బొమ్మ సరే, మన పేరేది?



ఏజెన్సీ నుంచి కిందికి చదువుకోడానికొచ్చిన మనలో చాలామంది అనే మాట ఒకటుంది. ఈ గణపవరం, భీమవరం వైపు మన చరిత్ర ఏముంది, డిగ్రీ అవ్వగానే పోవడమే కదా అని. ఈ మాట తప్పు. బస్సు దిగి నడిచి చూడండి.

భీమవరంలో 2022 జూలై 4న ప్రధాని ఆవిష్కరించిన అల్లూరి కంచు విగ్రహం 30 అడుగులు. దండం పెట్టాల్సిందే. కానీ 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్ల మీద పడి తుపాకులు తెచ్చింది ఒక్క మనిషి కాదు. గాం గంటందొర 1924లో ఆ పోరులోనే ప్రాణమిచ్చాడు. తమ్ముడు మల్లుదొర అండమాన్ జైలుకి పోయి, బతికొచ్చి, 1952లో పార్లమెంటు మెంబరయ్యాడు. అంతకుముందే 1879 రంప పితూరీలో కారం తమ్మన్నదొర ఉన్నాడు. మనం కాలేజీకి పోయే దారుల్లో వీళ్ళ బొమ్మ ఒక్కటైనా కనబడిందా? నాకైతే కనబడలేదు.

కాటన్ దొర విగ్రహాలు మాత్రం డెల్టా అంతా ఉన్నాయి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేశాడు, నీళ్ళిచ్చినోణ్ణి తల్చుకోవడం మంచిదే. ఆ గోదారి పాపికొండల్లోంచి, మన గూడేల పక్కనించే దిగొస్తుంది. పోలవరం కోసం ఊళ్ళొదిలిన కోయల పేర్లు, కొండరెడ్ల పేర్లు ఏ కాలవ గట్టు మీద రాస్తారు?

ఇక గోడ బొమ్మలు. ఆదివాసీ అనగానే థింసా ఆడే ఆడపిల్లలు, లేదంటే వర్లీ పుల్లల బొమ్మలు. వర్లీ మహారాష్ట్రవాళ్ళది! మన కొమ్ము కోయ ఆట ఎవడికీ గుర్తురాదు. గోడకి అందంగా మనం కావాలి, పేరున్న మనుషులుగా మాత్రం అక్కర్లేదు.

ఇలా అంటే అల్లూరిని కులాల లెక్కలోకి లాగుతున్నారంటారు. లేదు. ఆయన్ని తగ్గించమనట్లేదు, ఆయన పక్కన నిలబడ్డోళ్ళని కూడా నిలబెట్టమంటున్నాం. జనం లేకుండా పితూరీ ఎక్కడైనా జరిగిందా?

అడగాలంటే ముందు మనకి తెలియాలి. ఆదివారం ముగ్గురు నలుగురు కలిసి మీరు చదివే ఊరు నడవండి. ప్రతి విగ్రహం కింద శిలాఫలకం చదవండి. ఎవరి పేరుంది, ఎవరిది లేదు, నోట్‌బుక్‌లో రాయండి. సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు పెద్దోళ్ళని అడిగి పేర్లు తీసుకురండి. ఆగస్టు 9 ఆదివాసీ దినోత్సవానికి వార్డెన్ గారి పర్మిషన్‌తో హాస్టల్ గోడ ఒకటి మనం తీసుకుందాం. రంగులకి తలో యాభై వేస్తే సరిపోద్ది. ముందు పేర్లు రాద్దాం, తర్వాత బొమ్మలు. ఆ ఫొటోలు పెట్టి మున్సిపాలిటీకి అర్జీ ఇద్దాం.

మన పేరు మనం రాయకపోతే ఇంకెవడూ రాయడు.

జై ఆదివాసీ.