పెయ్యదూడ కోసం ఇంకా జూదమేనా?



ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని నేల మనది. శెనక్కాయ చేతికి రాని ఏడు అనంతపురం పల్లెల్లో ఇల్లు నడిపేది పాలడబ్బే. ఆ పాడి మీద మాత్రం మనం ఇంకా జూదమాడుతున్నాం. ఎద సూది (కృత్రిమ గర్భధారణ) వేయించి తొమ్మిది నెలలు మేపితే, పుట్టేది పెయ్యో కోడెదూడో సగానికి సగం!

ఒకప్పుడు కోడెదూడ పుట్టినా సంబరమే, కాడికి పనికొచ్చేది. ఇప్పుడు దుక్కి ట్రాక్టరుది. జెర్సీ, హెచ్.ఎఫ్. సంకర కోడె మన ఎండకు కాడి కింద నిలవదు, సంతకు తోలితే ధర పలకదు. చివరికి కట్టు విప్పితే రోడ్డున పడుతుంది. కరువు ఏడు అది తినే శెనక్కాయ కట్టె పాడి ఆవు నోటికాడిది.

'ఈ ఆవు కోడెలే వేస్తుంది, అచ్చిరాలేదు' అని అమ్మేసేవాళ్లున్నారు. అందులో ఆవు తప్పేమీ లేదు. ఆవు అండంలో ఉండేది ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే. పెయ్యా, కోడెదూడా అని తేల్చేది ఆంబోతు వీర్యంలోని ఎక్స్, వై కణాలు. పొద్దున వేయిస్తే ఒకటి, మాపున వేయిస్తే ఇంకొకటి అనే మాటలు నమ్మి సూది వేళ తప్పిస్తే అసలు చూడే నిలవదు.

ఎక్స్ కణంలో డీఎన్ఏ వై కణంలో కన్నా సుమారు 4 శాతం ఎక్కువ. ఆ కాస్త తేడాను లేజరు కాంతితో పసిగట్టి యంత్రం రెండింటినీ వేరు చేస్తుంది. అలా తీసిన వీర్యంతో పది ఈతల్లో తొమ్మిదింటికి పెయ్యే పుడుతుంది. ఈ పనికి స్వదేశీ పరిజ్ఞానాన్ని ప్రధాని 2024 అక్టోబరు 5న మహారాష్ట్రలోని వాషిమ్‌లో ప్రారంభించారు. రాష్ట్రీయ గోకుల్ మిషన్ కింద ధరలో సగం దాకా సబ్సిడీ ఉంది.

ఇందులో లోటూ ఉంది. మామూలు వీర్యం నింపిన స్ట్రాలో (సన్నని గొట్టంలో) 2 కోట్ల కణాలుంటే, ఇందులో 20 లక్షలే. కాబట్టి చూడి నిలిచే అవకాశం కొంత తక్కువ. స్ట్రాను మైనస్ 196 డిగ్రీల నత్రజని డబ్బాలోంచి తీసి, 37 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో అర నిమిషం ఉంచి, తడి తుడిచి, వెంటనే వేయాలి. డబ్బాలో నత్రజని అడుగంటితే కణాలు ముందే చచ్చిపోతాయి. రైతుకు మిగిలేది ఖర్చే.

అందుకే ప్రభుత్వాన్ని అడుగుతున్నాం:

1. పెయ్యదూడలు పుట్టించే ఈ వీర్యం ప్రతి రైతు సేవా కేంద్రంలో దొరకాలి. డబ్బాలో నత్రజని నింపిన తేదీ బోర్డు మీద రాయాలి.

2. సబ్సిడీ పోగా రైతు కట్టాల్సిన ధర అదే బోర్డు మీద ఉండాలి. మొదటి సూది తిరగబెడితే రెండోది ఉచితంగా వేయాలి.

3. వేసిన సూదులెన్ని, నిలిచిన చూళ్లెన్ని, పుట్టిన పెయ్యలెన్ని అన్న లెక్క గ్రామసభలో చదవాలి.

4. హళ్లికార్ వంటి నాటు జాతులను ఈ పెయ్యల సూదిలోకి లాగొద్దు. వాటి కోడెలకు బండికీ దుక్కికీ ఇంకా గిరాకీ ఉంది. మేలైన ఆంబోతులు మిగలకపోతే జాతే మిగలదు.

మన వంతు పనీ ఉంది. ఈ సూది ఎదిగిన పెయ్యలకు, ఒకటి రెండు ఈతల ఆవులకు, అదీ ఒళ్లు చేసి ఉన్నవాటికే వేయించండి. బక్కచిక్కిన ఆవుకు ముందు మేత, ఖనిజ లవణ మిశ్రమం పెట్టండి. ఎద కనిపించిన వేళ గుర్తు పెట్టుకుని పశువైద్య సిబ్బందికి చెప్పండి. పెయ్యలు పెరిగితే మేతా పెరగాలి. బోరు నీళ్లు, మేత ఎన్నింటికి సరిపోతాయో అన్నే ఉంచుకోండి. మేపలేనన్ని కడితే వచ్చే కరువులో పెయ్యలనూ సంతకు తోలక తప్పదు.

వచ్చే గ్రామసభకు ఈ కాగితం వెంట తీసుకెళ్లండి. ఈ నాలుగు కోర్కెలనూ తీర్మానంగా రాయించండి, సంతకాలు పెట్టించండి. అడగనిదే ఏ పథకమూ మన పాక దాకా రాదు!