యాత్రయు విద్యలో భాగమే

విద్యార్థుల యాత్రలను గూర్చి మన పెద్దలలో పలు అభిప్రాయములు కలవు. యాత్ర యనగా ఒకనాటి వినోదమే గాన, దానికై ధనమును కాలమును వెచ్చించుట వ్యర్థమని కొందరందురు. మరికొందరు యాత్రకు సమ్మతించియు, పేరుపొందిన మహానగరములకే బిడ్డలను గొనిపోవలెనని కోరుదురు. మిషను పాఠశాలలో చదువుకొను బాలబాలికలు పాత దేవాలయములను జూడబోవుట యెందులకని సందేహించువారును లేకపోలేదు. ఈ మూడు ఆక్షేపణలకును చెల్పూరు వంటి చిన్న యూరే తగిన సమాధానమని మా అభిప్రాయము.

పరకాల నుండి భూపాలపల్లికి పోవు బాటమీద చెల్పూరు కలదు. కాళేశ్వరమునకు బోవు యాత్రికులు బండి దిగకయే దీనిని దాటిపోవుదురు. అయినను మన యిండ్లలో వెలుగు దీపమునకును ఈ యూరికిని సంబంధము కలదు. ఇచ్చటి కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రమున 500 మెగావాట్ల మొదటి యంత్రము 2010లోను, 600 మెగావాట్ల రెండవ యంత్రము 2016లోను పని ప్రారంభించినవి. చేరువనే భూపాలపల్లి చుట్టును సింగరేణి వారి గనులు కలవు. బొగ్గును పొడిచేసి కాల్చి, ఆ వేడిమిచే నీటిని ఆవిరిగా మార్చి, ఆవిరి బలముచే చక్రములను త్రిప్పి విద్యుత్తును పుట్టింతురు. భౌతికశాస్త్రమున నాలుగు పుటలలో కంఠస్థము చేయు విషయమును ఇచ్చట కన్నులార చూడవచ్చును. పుస్తకము చెప్పని మరియొక సంగతియు నిచ్చట బోధపడును. దీపములు దూరపు పట్టణములందును వెలుగును. బూడిద పోగుపడునది మాత్రము ఇచ్చటనే. మన సౌఖ్యమునకు వెల చెల్లించువారెవరో తెలిసికొనుట విద్య కాదా?

చెల్పూరునకు కొలది దూరమున గణపురము కలదు. కాకతి గణపతిదేవుని కాలమునాటి గణపసముద్రమను చెరువును, ప్రాకారములోపల ఇరువదికి పైబడిన గుళ్లును అచ్చటనున్నవి. వీనిని జనులు కోటగుళ్లందురు. పెద్దగుడి చుట్టునున్న చిన్నగుళ్లలో కొన్ని యొరిగినవి, కొన్ని కూలినవి. చూడవచ్చినవారు, ఇచ్చట రాళ్లు తప్ప మరేమున్నవని పెదవి విరుతురు. మేమట్లు తలంపము. నిండుగా నిలిచిన గుడి తన కట్టడపు మర్మమును లోపల దాచుకొనును. విరిగిన గుడి దానిని విప్పి చూపును. రాతిపై రాయి యెట్లు కూర్చిరో, స్తంభము దూలము నెట్లు మోయుచున్నదో గణపురముననే స్పష్టముగా గోచరించును. కావున విద్యార్థులు మొదట గణపురమును జూచి, పిదప పాలంపేటకు బోవలెనని మా సలహా.

పాలంపేట రామప్పగుడి కీర్తి నేడు లోకమంతట వ్యాపించినది. గణపతిదేవుని సేనాని యగు రేచర్ల రుద్రుడు 1213లో దీనిని నిర్మింపజేసినట్లు శాసనము చెప్పుచున్నది. రుద్రేశ్వరాలయమని దాని పేరు. రామప్ప యనునది శిల్పి నామమని ప్రతీతి. హైదరాబాదు రాష్ట్ర పురావస్తుశాఖకు అధ్యక్షుడగు గులాం యజ్దానీ గారు పాలంపేట గుళ్లపై వ్రాసిన గ్రంథము 1922లో వెలువడినది. 2021లో యునెస్కో సంస్థ దీనిని ప్రపంచ వారసత్వ స్థలముగా ప్రకటించెను. నాట్యభంగిమలలోని నల్లరాతి మదనికలను మెచ్చనివారుండరు. అయితే విద్యార్థులు శిల్పముతోపాటు యుక్తినిగూడ గమనింపవలెను. పునాదిగోతిని ఇసుకతో నింపి, దానిపై ఇంతటి భారమును నిలిపిరి. శిఖరమును నీటిపై తేలునంత తేలికయగు ఇటుకలతో గట్టి, క్రింది గోడలకు బరువు తగ్గించిరి.

గుడికి చేరువనే రామప్ప చెరువు కలదు. కొండల నడుమ కట్టవేసి, వాననీటిని నిలిపి, తూములద్వారా పొలములకు పారించిన పద్ధతి అది. గుడి కట్టినవాడు చెరువును మరువలేదు. కాకతీయ రాజ్యము 1323లో అంతరించెను. చెరువు నేటికిని పైరులను తడుపుచున్నది. కీర్తికై చేసిన పనికంటె పదిమంది అన్నమునకై చేసిన పని ఎక్కువకాలము పనిచేయునని దీనివలన నేర్చుకొందము.

ఇక మూడవ ఆక్షేపణ. అన్యమతస్థుల ఆలయమును జూచుటచే మన విశ్వాసమునకు భంగము కలుగునా? అపొస్తలుడగు పౌలు ఏథెన్సు నగరమున సంచరించుచు, అచ్చటి ప్రజల పూజాస్థానములను పరిశీలించి, అందలి యొక బలిపీఠము మాటతోనే తన బోధ నారంభించినట్లు అపొస్తలుల కార్యములలో చదువుచున్నాము. అంతదూరమేల? మన ప్రాంతముననే డోర్నకల్లులో వేదనాయకం శామ్యూల్ అజరయ్య బిషపుగారు కట్టించిన పెద్ద దేవాలయము 1939లో ప్రతిష్ఠింపబడినది. దాని స్తంభములు హిందూ దేవాలయములను, గుమ్మటములు మసీదులను తలపించును. ఈ దేశపు శిల్పుల నేర్పును దేవుని స్తుతికి వినియోగించుటకు ఆయన సంకోచింపలేదు. చూచి గౌరవించుట వేరు, ఆరాధించుట వేరు. ఈ భేదము నెరిగిన బిడ్డకు భయములేదు. ఎరుగని బిడ్డకు నేర్పుట మన విధి.

వ్యయమును గూర్చి తల్లిదండ్రులు చింతింపనక్కరలేదు. వరంగల్లు నుండి తెల్లవారుజామున బయలుదేరినచో ఈ మూడు చోట్లను ఒక్కదినముననే చూచి మరలి రావచ్చును. వ్యయముకంటె నడవడిని గూర్చియే మేము హెచ్చుగా చింతించుచున్నాము. ఎనిమిదివందల యేండ్లు ఎండవానల కోర్చిన స్తంభముపై మేకుతో తన పేరు గీకు బాలుడు ఒక్క నిమిషములో చేయు చెరుపును ఏ శిల్పియు మాన్పలేడు. శత్రువుల దండయాత్రలను నిందించు మనము, మన బిడ్డల చేతిలోని మేకును జూడవలదా?

విద్యార్థులారా! బయలుదేరుటకు ముందు చదువుడు. అచ్చట తాకక చూడుడు. తెచ్చుకొన్న కాగితములను విస్తళ్లను ఎత్తుకొనిపోవుడు. ఊరివారిని వినయముతో పలుకరించి, వారి కష్టసుఖములను అడిగి తెలిసికొనుడు; వారి వాకిట నాలుగు ఫలములైనను కొనుడు. తిరిగివచ్చి చూచినదానిని మీ స్వంతమాటలలో వ్రాయుడు. అట్లు చేసినచో మీ యాత్ర వినోదముతోపాటు విద్యయు నగును. చెల్పూరు మీకు దాటిపోవు ఊరుగాక, నేర్పిన ఊరుగా నిలుచును.