పెళ్లి విందులో మన ఊరికి చోటు లేదా?



ఈ వారం వ్రాసేది కొందరికి కటువుగా తోచవచ్చు. మూడు వారాలు ప్రార్థించి, మన సంఘ పెద్దలతో కూర్చుని మాట్లాడిన తరువాతే వ్రాస్తున్నాము. కోపంతో చదవకండి, చివరిదాకా చదవండి.

గత నెలలో ఒక తండ్రి మా ఇంటికి వచ్చారు. విశ్వాసి, కష్టజీవి. ఆయన అనుమతితోనే ఈ సంగతి చెప్తున్నాము, పేరు మాత్రం చెప్పము. కుమార్తెకు సంబంధం కుదిరిందన్నారు. "దేవునికి స్తోత్రం" అన్నాము. ఆయన ముఖంలో సంతోషం కనబడలేదు.

"అయ్యగారూ, వాళ్లు కట్నం ఒక్క రూపాయి అడగలేదు. పెళ్లి మాత్రం గోవాలో, సముద్రం ఒడ్డున రిసార్టులో, మూడు రోజులు చేయమన్నారు. రెండెకరాలు బేరానికి పెట్టాను. మంచి ధర రావాలని ప్రార్థన చేయండి."

మేము ఆ ప్రార్థన చేయలేకపోయాము. పొలం గురించి కాదు, కుటుంబం గురించి ప్రార్థించి పంపాము. ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. మనం 1961 నాటి వరకట్న నిషేధ చట్టం గురించి ప్రసంగాలు చేశాము. కట్నం పాపమని యవ్వనస్థుల కూటాల్లో చేతులెత్తించి ఒప్పించాము. ఇప్పుడేమైంది? కట్నం అనే మాట పోయింది, "పెళ్లి గ్రాండ్‌గా చేయండి" అనే మాట వచ్చింది. పాత రోజుల్లో కట్నంగా ఇచ్చిన డబ్బు కనీసం పిల్ల వెంట ఆ ఇంటికి వెళ్లేది. ఈ డబ్బు మూడు రోజుల్లో ఇసుకలో ఇంకిపోతుంది. అమ్మేది మాత్రం అదే పొలం, అమ్మేది అదే తండ్రి.

ఆ మూడు రోజులు ఏం చేస్తారని అడిగాము. మొదటి రోజు మెహందీ, రాత్రికి సంగీత్. రెండో రోజు హల్దీ, ఈత కొలను దగ్గర ఆటపాటలు. మూడో రోజు పొద్దు గుంకే వేళ ఇసుకలో తెల్లని పందిరి, ప్రమాణాలు, పైన డ్రోను. తరువాత కాక్‌టెయిల్. ఆ మాటకు అర్థం విడమరచి చెప్పనక్కరలేదు. ఈ జాబితాలో పావుగంట మాత్రమే దేవునిది. అది కూడా ఫోటోగ్రాఫరు వెలుతురు బాగుందన్నప్పుడు.

ఈ పద్ధతి మన ఇళ్లలోకి ఎక్కడి నుండి వచ్చిందో మీకు తెలుసు. 2017 అక్టోబరులో నాగచైతన్య, సమంతల పెళ్లి గోవాలో 6వ తేదీన హిందూ పద్ధతిలో, 7వ తేదీన క్రైస్తవ పద్ధతిలో జరిగింది. 2023 నవంబరు 1న వరుణ్ తేజ్, లావణ్య త్రిపాఠిల పెళ్లి ఇటలీలోని టస్కనీలో జరిగింది. 2024 డిసెంబరులో కీర్తి సురేష్ పెళ్లి మళ్లీ గోవాలోనే. వారిని విమర్శించడం మా పని కాదు. వారు సంపాదించుకున్నారు, వారి ఇష్టం. ఆ ఫోటోలు చూసి పొలం బేరానికి పెట్టే మన గురించే మా బాధ. 2023 నవంబరు 26న మన్ కీ బాత్‌లో ప్రధానమంత్రి గారు విదేశాలకు వెళ్లి పెళ్లిళ్లు చేయడమెందుకు, మన దేశంలోనే చేసుకోండి అని కోరారు. మేము ఇంకొంచెం దగ్గరకు పిలుస్తున్నాము. మన ఊళ్లో చేసుకోండి.

గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువే లూకా 14:28లో నేర్పాడు. మనమూ కూర్చుందాము. గది రాత్రికి 8,000 రూపాయలనుకోండి. 40 గదులు, 3 రాత్రులు. 9,60,000. రోజుకు 7,500 దాటిన గదికి జీఎస్టీ 18 శాతం, అంటే మరో 1,72,800. మొత్తం 11,32,800. ఇది పడుకోవడానికి మాత్రమే. భోజనం, పందిరి, పూలు, విమానం టిక్కెట్లు, బట్టలు ఇంకా మొదలే కాలేదు.

దీన్ని మన భాషలోకి మార్చి చూద్దాము. 2024-25లో ఏ గ్రేడు ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,320 రూపాయలు. మన నెల్లూరు పుట్టి 850 కిలోలు. పుట్టికి 19,720. అంటే గదుల ఖర్చే 57 పుట్ల ధాన్యం. ఎకరాకు మూడు పుట్లు పండినా 19 ఎకరాల పంట. విత్తనం, ఎరువు, కోత కూలి తీయక ముందు లెక్క ఇది. ఆ మద్దతు ధర కూడా చేతికందని ఏళ్లు ఎన్నో మీకే తెలుసు. పొలం అమ్మకుండా 10 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 20,000, ఏడాదికి 2,40,000 వడ్డీయే. తొలి పెళ్లిరోజు నాటికి అసలులో ఒక్క రూపాయి తీరదు.

డబ్బు కంటే పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. దాన్ని చెప్పాలంటే మా తప్పు ముందుగా ఒప్పుకోవాలి.

నాలుగేళ్ల క్రితం మేము కూడా ఒక రిసార్టు పెళ్లికి వెళ్లాము. మన సంఘంలో పెరిగిన అబ్బాయి. విమానం టిక్కెట్లు పంపారు, కవరులో కానుక ఇచ్చారు. ప్రార్థన చేశాము, దీవించాము, వచ్చేశాము. పిలిచింది ఎనభై మందిని. ఆ ఎనభై మందిలో మన సంఘంలోని ఒక విధవరాలు లేదు. ఆ అబ్బాయికి ఆదివారపు బడిలో మొదటి వాక్యం కంఠతా పట్టించింది ఆమే. వంట వండేముందు రోజూ పిడికెడు బియ్యం దేవుని కోసం తీసిపెట్టే తల్లుల్లో ఆమె ఒకరు. ఆ పిడికెడు బియ్యం అమ్మిన డబ్బుతోనే సంఘం ఒక ఏడాది ఆ అబ్బాయి కాలేజీ ఫీజు కట్టింది. మేము తిరిగి వచ్చాక ఆమె వచ్చి, "అయ్యగారూ, కోడలుపిల్ల ఎట్టా ఉంది?" అని అడిగింది. ఫోనులో ఫోటో చూపించాము. కొంగుతో చేయి తుడుచుకుని, ఆ ఫోను మీద చేయి పెట్టి దీవించింది.

ఆమె ఒక్క మాట కూడా నిష్ఠూరంగా అనలేదు. మాకు మాత్రం ఆ కవరు జేబులో నిప్పులాగా అనిపించింది. పిలవని ఇంటికి దూరం నుండి దీవెన పంపింది ఆమె. పిలిచిన ఇంటిలో భోజనం చేసి, ఆమె ఎందుకు లేదని ఒక్క మాట అడగలేకపోయింది మేము. ప్రభువు మమ్మును క్షమించును గాక.

ఇప్పుడు మీ ప్రశ్నలకు వద్దాము. "అయ్యగారూ, బైబిలులో పెళ్లిళ్లు ఏడు రోజులు జరగలేదా? మూడు రోజులకే తప్పు పడతారేమి?" అని ఒక తమ్ముడు అడిగాడు. నిజమే. లేయా పెళ్లి వారం ఆదికాండము 29లో ఉంది. సమ్సోను ఏడు దినముల విందు న్యాయాధిపతులు 14లో ఉంది. కానీ తమ్ముడూ, లాబాను ఆ విందుకు ఎవరిని పిలిచాడో చూడు. ఆ స్థలములోని మనుష్యులందరినీ పోగు చేశాడు. ఊరిని వదిలి వెళ్లలేదు, ఊరినే పిలిచాడు. ఇక సమ్సోను విందు ఎలా ముగిసిందో కూడా చదువు. ముప్పది దుస్తుల పందెం వేశాడు. ఓడిపోయాడు. ఆ బాకీ తీర్చడానికి అష్కెలోనులో ముప్పదిమందిని చంపి వారి బట్టలు తెచ్చాడు. పెళ్లిలో గొప్ప కోసం చేసిన బాకీ వేరెవరి ఒంటి మీద నుండో తీర్చబడింది. ఈనాడు అది తండ్రి ఒంటి మీద నుండి తీర్చబడుతోంది.

"యేసు కానా పెళ్లికి వెళ్లాడు కదా, సంతోషం తప్పా?" అని ఇంకొకరు. ఎంతమాత్రం తప్పు కాదు. ఏడుపు ముఖంతో పెళ్లి చేయమని మేము చెప్పము. పాడండి, కడుపునిండా పెట్టండి. కానీ కానాలో ఏమి జరిగింది? ఒక ఇంటివారు చాలినంత సమకూర్చలేక, నలుగురిలో సిగ్గుపడవలసిన గడియ వచ్చింది. ప్రభువు ఆ సిగ్గు తీసివేశాడు. మనమేమో ఖర్చు పెట్టలేని తండ్రి మీద కొత్తగా సిగ్గు మోపుతున్నాము. ఆ ద్రాక్షారసం ఎక్కడిదో విందు ప్రధానికి తెలియదు, నీళ్లు మోసిన పనివారికి తెలుసు. ప్రభువు తన మహిమను మొదట వంటింటి వైపు చూపించాడు.

"ఎనభై మందితో రిసార్టు పెళ్లి, ఊళ్లో పదిహేను వందల మందికి భోజనాల కంటే చౌక" అని కూడా అంటారు. ఈ మాటలో నిజం ఉంది, ఒప్పుకుంటాము. మన కళ్యాణ మండపాల్లో జరిగే ఆడంబరం కూడా తక్కువేమీ కాదు. ముప్పై రకాల వంటలు, విస్తళ్లలో సగం పారవేత. అది కూడా మారాలి. చిన్న పెళ్లి మంచిదే. అయితే పదిహేను వందలను ఎనభై చేసినప్పుడు ఎవరి పేరు కొట్టేస్తున్నాము? ఆఫీసులో మేనేజరు ఉంటాడు, పెద్ద కారులో వచ్చే బంధువు ఉంటాడు. పొలంలో పనిచేసిన అక్క పోతుంది, పిడికెడు బియ్యం తల్లి పోతుంది. తిరిగి పిలవగలిగిన వారిని కాదు, పిలవలేని బీదలను విందుకు పిలవమని లూకా 14:12-14లో ప్రభువు చెప్పిన జాబితాకు ఇది సరిగ్గా తలక్రిందుల జాబితా.

పెళ్లి అంటే సాక్ష్యం కూడా. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం సాధారణంగా ఉదయం 6 గంటలకూ సాయంత్రం 7 గంటలకూ మధ్య పెళ్లి జరగాలి, ఇద్దరు సాక్షులు ఉండాలి. చట్టానికి ఇద్దరు చాలు. బోయజు రూతును పెండ్లి చేసుకున్నప్పుడు పదిమంది పెద్దలు, గుమ్మము దగ్గరున్న ప్రజలందరూ సాక్షులుగా నిలిచారు. రేపు ఆ పిల్లకు అత్తింట్లో కష్టం వస్తే ఎవరు వెళ్లి అడుగుతారు? డ్రోను ఎగరేసినవాడు వస్తాడా? ఊరు సాక్షిగా ఉంటే ఊరు అడుగుతుంది. సంఘం ముందు ప్రమాణం చేస్తే సంఘం జ్ఞాపకం చేస్తుంది.

సముద్రం మీద మాకు కోపం లేదు. పునరుత్థానుడైన ప్రభువు ఒడ్డున నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, అలసిన శిష్యులకు పెట్టాడు. మనకూ మైపాడు ఉంది. కానీ మన పట్టపుపాలెం వారికి సముద్రం ఫోటో వెనుక తెర కాదు. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు వేట నిషేధం. పెళ్లిళ్ల ముహూర్తాలు జోరుగా ఉండే ఆ వేసవిలోనే వారి పడవలు ఒడ్డుకు చేరి ఉంటాయి. 2004 డిసెంబరు 26 ఆదివారం ఉదయం ఆ నీళ్లు ఎలా వచ్చాయో మన తీరం మరువలేదు.

ఆ తీరం వెంబడి బకింగ్‌హాం కాలువ ఉంది. నెల్లూరులో 1840లో అమెరికన్ బాప్టిస్టు మిషను మొదలైంది. 1876-78 కరువులో మిషనరీ క్లౌ గారు ఒంగోలు వైపు ఆ కాలువ తవ్వే పనిలో కొంత భాగం తీసుకుని ఆకలిగొన్నవారికి కూలి ఇప్పించారు. 1878 జూలై 3న ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మన తెలుగు సంఘాలలో ఎన్నో ఆ కూలివారి పిల్లలవే. మట్టి తట్ట మోసినవారి మునిమనుమలమైన మనం, వారివంటి వారికి చోటు లేని విందు చేస్తామా?

అందుచేత మన సంఘ పెద్దలతో కలిసి కొన్ని తీర్మానాలు చేసుకున్నాము. అప్పు తెచ్చి, పొలం అమ్మి చేసే ఆడంబరపు పెళ్లికి మేము రాము, టిక్కెట్లు పంపవద్దు. పెళ్లి ఎక్కడ జరిగినా ముందుగా మూడు ఆదివారాలు ఇక్కడ ప్రకటన చదవాలి. మందిరం, కుర్చీలు, వంట పాత్రలు విశ్వాసులందరికీ ఉచితం. పెళ్లికి కానుక కవరు మేము తీసుకోము. ప్రతి పెళ్లిలో మొదటి పంక్తి విధవరాళ్లకు, వృద్ధులకు. ఇవి ముందుగా మమ్మును కట్టిపడేయడానికి చేసుకున్నవి.

ఇక ఆ తండ్రి సంగతి. ఆయన అనుమతితో పెళ్లికొడుకుతో ఫోనులో మాట్లాడాము. అబ్బాయి చాలాసేపు మౌనంగా ఉన్నాడు. "పొలం అమ్ముతున్నారని నాకెవరూ చెప్పలేదండీ" అన్నాడు. ఇంట్లో మాట్లాడతానన్నాడు. ఇంకా కబురు రాలేదు. పొలం ఇంకా బేరంలోనే ఉంది.

యవ్వనస్థులారా, మీకు ఒక్క మనవి. రిసార్టు ఫోటోలు చూసే ముందు మీ నాన్నను, మీ మామగారిని ఒక్క ప్రశ్న అడగండి: "ఈ డబ్బు ఎక్కడి నుండి వస్తోంది?" జవాబు విన్న తరువాత ముహూర్తం పెట్టుకోండి.

ఈ వారం ఆ కుటుంబం కొరకు ప్రార్థించండి. ఆ రెండెకరాలు నిలవాలని, ఆ ఇద్దరు పిల్లలు బాకీ లేని ఇంట్లో దీపం వెలిగించాలని, వారి పెళ్లి పంక్తిలో మన పిడికెడు బియ్యం తల్లి మొదటి విస్తరి ముందు కూర్చోవాలని ప్రార్థించండి. ప్రభువు మీ ఇండ్లను దీవించును గాక. ఆమెన్.