దాటించడమా, దిద్దడమా?

పాత కంప్యూటరులోని రచనలను మరో రకం కంప్యూటరులోకి చేర్చడమనగానే అందరూ కేబుళ్ల గురించే మాట్లాడతారు. నా దృష్టిలో కేబులు చిన్న సమస్య. అసలు ప్రమాదం, దారి మధ్యలో మనకు సాయం చేయబోయే సాఫ్ట్‌వేరుతోనే. అటువంటి సాయం వల్ల ఒక మనిషి రాసుకున్న అక్షరాలను పోగొట్టుకున్నవాణ్ణి కనుక ఈ నాలుగు మాటలు.

మా బాబాయి అమెరికాలో ఉండగా, 1990ల తొలినాళ్లలో, మెకింటాష్ ప్లస్ మీద తన చిన్ననాటి జ్ఞాపకాలను తెలుగులో టైపు చేసుకునేవారు. యూనికోడు 1991లోనే తెలుగుకు చోటిచ్చినా ఆ యంత్రానికి ఆ సంగతి తెలియదు. ఆంగ్లాక్షరాల స్థానాలలో తలకట్లు, గుడులు, ఒత్తులు కూర్చిన ఫాంటుతోనే పని. ఆయన పోయాక, 2006లో, వారి అబ్బాయి ఆ యంత్రాన్నీ ఫ్లాపీలనూ నాకు అప్పగించాడు.

చూడడానికి అవీ పీసీ ఫ్లాపీల వంటివే, మూడున్నర అంగుళాలవే. కానీ ఆ 800 కిలోబైట్ల డ్రైవు, డిస్కు అంచు దగ్గర నెమ్మదిగానూ లోపలికి పోయేకొద్దీ వేగంగానూ తిరుగుతుంది. అంచున ట్రాకుకు 12 సెక్టార్లు, లోపల 8. పీసీ డ్రైవుది ఎప్పుడూ ఒకే వేగం, రాసే పద్ధతీ వేరు. పీసీలో పెడితే 'ఫార్మాటు చేయనా?' అని అడుగుతుంది. (చేయమన్నవారి పాపం ఊరికే పోదు!) కనుక రెండింటినీ సీరియల్ కేబులుతో కలిపి, 1981లో కొలంబియా విశ్వవిద్యాలయంలో పుట్టిన కెర్మిట్‌ను రెండు వైపులా నడిపాను. ఫైలును చిన్న పొట్లాలుగా కట్టి, అందిందని జవాబు వచ్చాకే తరువాతి పొట్లం పంపడం దాని పద్ధతి. సెకనుకు 9600 బిట్ల చొప్పున నిండు ఫ్లాపీకి పావుగంట పైమాటే.

మొదట ఫాంటు వచ్చింది. సున్నా బైట్లు! మెకింటాష్ ఫైలుకు డేటా ఫోర్కు, రిసోర్సు ఫోర్కు అని రెండు భాగాలుంటాయి. ఫాంటంతా రెండవదానిలో ఉంటే, మామూలుగా పంపినప్పుడు వెళ్లేది మొదటిదే. రెండింటినీ మాక్‌బైనరీగా మూటగట్టి పంపాక సరిపోయింది.

పొరపాటు రచనల దగ్గర జరిగింది. 'ఇది మెకింటాష్ పాఠ్యం, మార్చమంటారా?' అని పీసీలోని వర్డ్ ప్రాసెసరు మర్యాదగా అడిగితే సరేనన్నాను. అదే పేరుతో భద్రపరిచాను కూడా. ఫ్రెంచివారి మాత్ర ఉన్న 'ఈ' అక్షరం మెకింటాష్‌లో 142, విండోస్‌లో 233. మార్పిడి 142ను 233గా దిద్దింది. ఫ్రెంచివారికి మహోపకారమే. కానీ బాబాయి ఫైలులో 142 అంటే ఒక తెలుగు ముక్క. ఇంతవరకైతే వెనక్కు తిప్పుకోవచ్చు. అనంతం, వర్గమూలం వంటి గుర్తులు మెకింటాష్ పట్టికలో ఉన్నాయి, విండోస్ పట్టికలో లేవు. ఆ స్థానాలలోని తెలుగు ముక్కలన్నీ ఒకే రకం ప్రశ్నార్థకాలయ్యాయి. ఏ ప్రశ్నార్థకం వెనుక ఏ అక్షరం ఉండేదో ఫైలు ఇక చెప్పదు.

మళ్లీ పంపుదామని కూర్చుంటే ఒక ఫ్లాపీ చదవనన్నది. తెరిచి చూస్తే పూత మీద వలయంలా గీత. మిగిలినవాటిని ఈసారి బైనరీగా, ఒక్క అంకెను కూడా కదపకుండా దాటించాను. మెకింటాష్ తెర చూసి, ఏ అంకెకు ఏ ముక్కో పట్టిక రాసుకుని, యూనికోడులోకి మార్చడం తరువాత నింపాదిగా చేశాను. పద్మ వంటి ఉపకరణాలకు తెలిసిన ఫాంటు కాదది.

మార్చడమే తప్పని నేననను. చదవలేని అంకెల మూటను దాచుకుని ఏం లాభమనే వాదనలోనూ న్యాయముంది. దాటిస్తూనే దిద్దడం మాత్రం తప్పంటాను. గ్రీస్‌వీజిల్ వంటి నేటి పరికరాలు బైట్ల జోలికి కూడా పోకుండా, డిస్కు మీది అయస్కాంత మార్పులను ఉన్నవి ఉన్నట్లు నమోదు చేస్తాయి. అర్థం చెప్పుకోవడం తరువాతి పని.

పాడైన ఆ ఫ్లాపీలో ఉన్నది మా నాయనమ్మ గురించిన వ్యాసం. "సందర్భాన్ని బట్టి తెలిసిపోతున్నాయి కదా అన్నయ్యా, నింపేయరాదూ?" అంటాడు తమ్ముడు. చాలాచోట్ల తెలుస్తున్నమాట నిజమే. అయితే నాయనమ్మ బాబాయిని పిలిచిన ముద్దుపేరు నడుమ రెండు ప్రశ్నార్థకాలున్నాయి. ఆ పేరు మా ఇద్దరిలో ఎవరమూ ఎన్నడూ వినలేదు. వాటిని అలాగే ఉంచాను.