పరుగు సరే, దారి ఎవరిది?

ఇంగ్లండులో ప్రతి జనవరిలో ఒక పరుగు పందెం జరుగుతుంది. పేరు స్పైన్ రేస్. స్పైన్ అంటే వెన్నెముక. ఆ దేశం నడుమ వెన్నెముకలాగా సాగే పెన్నైన్ కొండల మీదుగా ఈ పరుగు. దక్షిణాన ఈడేల్ అనే పల్లెలో మొదలుపెట్టి, స్కాట్లండు సరిహద్దు దాటగానే వచ్చే కర్క్ యెథమ్ అనే ఊళ్ళో ఆపాలి. మొత్తం 268 మైళ్ళు, అంటే 431 కిలోమీటర్లు. ఇంచుమించు హైదరాబాదు నుంచి నెల్లూరు పోయినంత. ఏడు రోజుల గడువు. ఒకసారి మొదలైన గడియారం ఆగదు. తిన్నా, కునుకు తీసినా, కాలికి కట్టు కట్టుకున్నా ఆ సమయం కూడా లెక్కే.

ఈ సంగతి మా బళ్ళో తొమ్మిదో తరగతి పిల్లలకు చెప్పాం. ఒక పిల్ల లేచి, "వాళ్ళకు బస్సు లేదా సార్?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది. మేమూ నవ్వాం. ఇంటికొచ్చాక మాత్రం నవ్వు రాలేదు. ఆ పిల్ల ఊరికి బస్సు రాదు. రోజూ నడిచే బడికొస్తుంది, నడిచే పోతుంది. కాళ్ళ మీద అంత దూరం పోయేవాళ్ళను చూస్తే ఆ పిల్లకు సాహసం కనపడలేదు, బస్సు లేకపోవడమే కనపడింది.

కూలి జనానికి ఈ పరుగుతో ఏం పని అని మిత్రులు అడగొచ్చు. పని ఉంది. ముందు ఆ నేల ఎట్లా ఉంటుందో చెప్తాం.

దాన్ని మూర్ అంటారు. చెట్టూ చేమా లేని ఎత్తు బయలు. కనుచూపు మేర గడ్డి, పొట్టి పొదలు, నల్లటి బురద. వేల ఏళ్ళుగా నాచూ గడ్డీ కుళ్ళీ కుళ్ళక పేరుకుపోయిన నేల అది. నీళ్ళు పీల్చుకుని మెత్తగా ఉంటుంది. కాలు పెడితే మోకాలి దాకా దిగుతుంది. జనవరిలో అక్కడ వెలుతురు ఎనిమిది గంటలే. మిగతా పదహారు గంటలూ నుదుటికి లైటు కట్టుకుని పోవాల్సిందే. వాన, మంచు, వడగళ్ళు, వీటన్నిటినీ మొహాన కొట్టే గాలి. తల దాచుకోవడానికి చెట్టు లేదు. ఆ దారిలో అన్నిటికంటే ఎత్తయిన క్రాస్ ఫెల్ 893 మీటర్లు. అక్కడ వీచే గాలికి హెల్మ్ అని పేరే ఉంది.

చలి చంపడం కన్నా తడి చంపడం ఎక్కువ. బట్టలు తడిసి, గాలి తగిలితే ఒంట్లో వేడి నిమిషాల్లో పోతుంది. మొదట వణుకు వస్తుంది. వణుకు మంచిదే, ఒళ్ళు ఇంకా పోరాడుతోందన్న మాట. తర్వాత మాట తడబడుతుంది, చేతివేళ్ళు జిప్పు లాగలేవు, అడుగు తూలుతుంది. ఆ తర్వాత వణుకు కూడా ఆగిపోతుంది. అదీ అసలు ప్రమాదం. మనిషికి తెలివి కూడా చల్లబడి, తాను బాగానే ఉన్నాననుకుంటాడు. దీనికి తోడు నిద్రలేమి. రెండు రాత్రులు దాటాక లేనివి కళ్ళకు కనపడతాయి. రాళ్ళు జంతువుల్లాగా కదుల్తాయి. రోజుల తరబడి నానిన పాదాలు ఉబ్బి, తోలు ఊడొస్తుంది.

2019లో ఈ పందెం గెలిచింది జాస్మిన్ పారిస్ అనే ఆమె. ఆడవాళ్ళలో మొదటి స్థానం అనుకునేరు. ఆడా మగా అందరిలోనూ మొదటి స్థానం. 83 గంటల 12 నిమిషాల్లో పూర్తి చేసింది. అంతకుముందున్న రికార్డు 95 గంటల పైచిలుకు. దాన్ని 12 గంటలు తగ్గించింది. అప్పటికి ఆమెకు 14 నెలల పాప. పాలిస్తున్న తల్లి. మజిలీల దగ్గర ఆగినప్పుడు పాలు పిండుకుంటూ, మళ్ళీ మంచులోకి పరుగెత్తింది. ఆమెతో పోటీగా పరుగెత్తిన స్పెయిన్ దేశపు మొనగాడు గమ్యం కొద్ది మైళ్ళ దూరంలో ఉండగా చలికి తాళలేక ఆగిపోయాడు. అతన్ని ఎవరూ ఎగతాళి చేయలేదు, చేయకూడదు. ఆ నేల అట్లాంటిది. తర్వాత 2024లో వేరొకరు 73 గంటల లోపే పరుగెత్తి ఆమె రికార్డు దాటారు. కానీ ఆమె చెరిపేసిన గీత మాత్రం మళ్ళీ పడదు.

ఏ గీత? 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళకు మొదటిసారి 800 మీటర్ల పరుగు పెట్టారు. కొందరు అలసి కూలబడ్డారని పత్రికలు గోల చేశాయి. వెంటనే ఆ పరుగే తీసేశారు. 1960 దాకా మళ్ళీ పెట్టలేదు. ఆడవాళ్ళ మారథాన్ ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1984లో. 800 మీటర్లు కూడా వీళ్ళ ఒంటికి పడదన్నారు. 90 ఏళ్ళు దాటాక పాలిచ్చే తల్లి 431 కిలోమీటర్లు అందరికంటే ముందు పరుగెత్తింది. ఈ మధ్యలో ఆడవాళ్ళ ఒళ్ళు మారిందా? మారలేదు. రానివ్వనివాళ్ళే "మీకు చేతకాదు" అన్నారు. చదువు విషయంలో మన తాతలూ ఈ మాటే విన్నారు.

ఇంతవరకూ పత్రికలు రాశాయి. మేం చెప్పదలచుకున్నది దీని కింద ఉంది. ఆ పాదాల కింద ఉన్న దారి సంగతి.

ఈడేల్ పల్లెను ఆనుకుని కిండర్ స్కౌట్ అనే కొండ ఉంది. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల బయళ్ళన్నీ ఊరి ఉమ్మడి నేలలు. పశువులు మేసేవి, జనం పొయ్యిలోకి తవ్వి తెచ్చుకునేవాళ్ళు. 18, 19 శతాబ్దాల్లో పార్లమెంటు చట్టాలు చేసి మరీ ఉమ్మడి నేలలకు కంచెలు వేసుకున్నారు. నేలంతా ప్రభువుల చేతికి పోయింది. వాళ్ళకు ఆ కొండ దేనికి? గ్రౌస్ అనే కొండపక్షిని వేటాడటానికి. ఏడాదిలో కొద్ది రోజుల వేట. దానికోసం ఏడాది పొడుగునా కర్రలు పట్టుకుని కాపలా. కొండ కింద మాంచెస్టర్, షెఫీల్డ్ నగరాలు. మిల్లుల పొగ పీల్చి బతికే కార్మికులు. ఆదివారం ఒక్కరోజు కాస్త మంచి గాలికి పోదామంటే, ఎదురుగా కనపడే కొండ ఎక్కనివ్వరు.

1932 ఏప్రిల్ 24, ఆదివారం. కొన్ని వందల మంది కుర్రకారు, ఎక్కువగా కార్మికులు, పిలుపిచ్చి మరీ ఆ కొండ ఎక్కారు. ముందు నిలబడింది బెన్నీ రాత్‌మన్. వయసు 20. పని దొరకని మోటారు మెకానిక్. కాపలావాళ్ళు కర్రలతో అడ్డుపడ్డారు, తోపులాట జరిగింది. దిగివచ్చాక అరెస్టులు. చిత్రమేమంటే, కేసు పెట్టింది పరాయి నేల తొక్కినందుకు కాదు. అక్కడి చట్టంలో అది నేరం కాదు. అల్లరి మూకగా చేరారని కేసు పెట్టారు. విచారణ చేసిన జ్యూరీ నిండా సైనికాధికారులు, పెద్దింటి దొరలు. అయిదుగురికి రెండు నుంచి ఆరు నెలల దాకా జైలు. అప్పటి నడక సంఘాల పెద్దలు కూడా ఇది తొందరపాటు, చెడగొట్టారు అన్నారు.

ఈ కథ మనకు కొత్తదా? అంతకు అయిదేళ్ళ ముందు, 1927 మార్చి 20న, మహాడ్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ వేలమందితో నడిచిపోయి చౌదర్ చెరువు నీళ్ళు తాగారు. ఈ రెండూ ఒకటే అని మేం అనడం లేదు. ఆ కార్మికులు తాకితే కొండ మైలపడుతుందని ఎవరూ అనలేదు. మన గాయం వేరు, దాని లోతు వేరు. కానీ "ఇటు రావద్దు" అన్న కర్ర రెండు చోట్లా ఉంది. రెండు చోట్లా జనం అడుగు వేసే దాన్ని తోసేశారు.

ఆ ఒక్క ఆదివారంతోనే అన్నీ వచ్చాయని కూడా అనం. ఎంతోమంది ఏళ్ళ తరబడి అడిగారు, రాశారు, నడిచారు. 1935లో టామ్ స్టీఫెన్సన్ అనే పత్రికా రచయిత పెన్నైన్ కొండల పొడుగునా జనానికి ఒక కాలిబాట కావాలని రాశాడు. 1949లో చట్టం వచ్చింది. 1965 ఏప్రిల్ 24న, కిండర్ స్కౌట్ ఎక్కిన తేదీనే, పెన్నైన్ వే అనే ఆ బాట తెరిచారు. ఈ రోజు స్పైన్ రేస్ జరిగేది ఆ బాట మీదే. 2000లో మూర్ బయళ్ళలో తిరిగే హక్కు ఇస్తూ ఇంకో చట్టం. 2002లో, ఆ కొండ యజమాని అయిన డ్యూక్ మనవడు అందరి ముందు నిలబడి, మా తాత చేసింది పెద్ద తప్పు అని ఒప్పుకున్నాడు. 70 ఏళ్ళు పట్టింది. ఇప్పటికీ ఇంగ్లండు నేలలో స్వేచ్ఛగా తిరిగే హక్కున్నది దాదాపు 8 శాతంలోనే.

ఇంకో ముచ్చట. బురదలో దిగబడకుండా ఆ బాట మీద చాలా చోట్ల బండలు పరిచారు. వాటిలో ఎన్నో మూతబడిన పత్తి మిల్లుల నుంచి తెచ్చిన గచ్చు బండలు. కార్మికులు రోజంతా నిలబడి పనిచేసిన బండల మీదే ఇవాళ పరుగు వీరులు అడుగేస్తున్నారు. గెలిచినవాళ్ళ పేరు పత్రికలో వస్తుంది. బండ మీద ఎవరి పేరూ ఉండదు.

ఇప్పుడు మన దగ్గరకు వద్దాం. ఈ పందెంలో పరుగెత్తే ప్రతి మనిషి సంచికీ జాడ తెలిపే చిన్న యంత్రం కడతారు. ప్రపంచంలో ఎక్కడ కూర్చున్నా పటం మీద ఆ మనిషి ఒక చుక్కగా కనపడుతూ ఉంటాడు. చుక్క కదలకపోతే నిర్వాహకులు కంగారుపడతారు. యంత్రం మీద మీట నొక్కితే మంచులోనైనా సాయం బయలుదేరుతుంది. దారిలో మజిలీలు, వేడి తిండి, పొడి బట్టలు, వైద్యులు. ఇవన్నీ ఉండాలి, మేం తప్పుపట్టడం లేదు.

2020 ఏప్రిల్ గుర్తు తెచ్చుకోండి. లాక్‌డౌన్ పెట్టి రైళ్ళూ బస్సులూ ఆపేస్తే లక్షల మంది వలస కూలీలు వందల కిలోమీటర్లు నడిచారు. ములుగు ప్రాంతంలో మిర్చి ఏరడానికొచ్చిన 12 ఏళ్ళ ఆదివాసి పిల్ల, తోటివాళ్ళతో కలిసి ఛత్తీస్‌గఢ్‌లోని తన ఊరికి నడిచింది. మూడు రోజులు ఎండలో నడిచి, ఇల్లు కాస్త దూరంలో ఉండగా ప్రాణం విడిచింది. ఆ పిల్ల సంచికి ఏ యంత్రమూ లేదు. ఆ చుక్కను ఎవరూ చూడలేదు.

అప్పుడు కొందరు పెద్దమనుషులు "మన కూలీల ఓర్పు చూడండి" అని మెచ్చుకున్నారు. మా గొడవంతా ఈ మెచ్చుకోలుతోనే. కోరి పడిన కష్టం వేరు, మెడ మీద పెట్టిన కష్టం వేరు. మూర్ మీద పరుగెత్తే మనిషి ఎప్పుడంటే అప్పుడు మానుకుని ఇంటికి పోవచ్చు. కూలి మానుకుంటే పొయ్యి వెలగదు. మొదటిదాన్ని పొగడండి. రెండోదాన్ని పొగడకండి, ఆపండి. ఓర్పును పొగిడేవాడు మన నెత్తిన ఇంకో మూట పెట్టడానికే చూస్తాడు.

అంటే మన పిల్లలకు ఈ సాహసాలు వద్దనా? వద్దంటే మళ్ళీ ఆ కర్ర మనమే పట్టుకున్నట్టు. 2014 మే 25న సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివే మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి 14 ఏళ్ళు కూడా నిండలేదు, వ్యవసాయ కూలీల బిడ్డ. వాళ్ళకు ధైర్యం కొత్తగా ఎవరూ ఇవ్వలేదు, అది ముందే ఉంది. శిక్షణ, తిండి, బూట్లు, వెనక నిలబడే మనుషులు, ఇవి దొరికాయి. దొరికితే ఏమవుతుందో లోకం చూసింది.

కాబట్టి సంఘాల మిత్రులకు ఒక మాట. మనం అడిగే వాటి చిట్టాలో భూమి, కూలి, శ్మశానం ఉన్నాయి. వాటి పక్కనే బడికి ఆటస్థలం, ఆటల మాస్టారు, పిల్లలకు బూట్లు రాయండి. ఈడొచ్చిందని ఆటలు మాన్పించిన ఆడపిల్లల ఇళ్ళకు పోయి తల్లిదండ్రులతో మాట్లాడండి. అందులో మన ఇళ్ళూ ఉన్నాయి.

మా బడి పిల్లకు ఆ రోజు జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెప్తున్నాం. వాళ్ళకు బస్సుంది తల్లీ, ఉండి కూడా పరుగెత్తుతున్నారు. నీకూ బస్సు వచ్చాక, నీకు బుద్ధి పుడితే, నువ్వూ పరుగెత్తు. ముందు డిపోకు పోయి బస్సు అడుగుదాం, పద.