అడ్వాన్సు పుస్తకం గ్రామసభలో తెరవాలి

సంక్రాంతి దాటిందంటే మా బళ్లో బెంచీలు ఖాళీ అవుతాయి. పిల్లలేరని అడిగితే "మిర్చికి పోయిండ్రు సారూ" అంటారు. వానాకాలంలోనే మేస్త్రీ ఇంటికొచ్చి అడ్వాన్సు ఇచ్చి పోతాడు. అది విత్తనాలకో, వైద్యానికో అయిపోతుంది. మిర్చి పండే నాటికి ఇల్లంతా ఆ డబ్బుకు కట్టుబడి ఉంటుంది.

గోదావరి ఒడ్డు మిర్చి చేలకు బస్తర్ నుంచి వచ్చేవాళ్లూ మాకు పరాయివాళ్లు కారు, మా చుట్టాలే. 2020 ఏప్రిల్ లాక్‌డౌన్‌లో ములుగు జిల్లా మిర్చి చేల నుంచి బీజాపూర్ జిల్లాలోని సొంతూరికి నడిచిపోతూ పన్నెండేళ్ల ఆదివాసీ పిల్ల దారిలోనే ప్రాణం విడిచింది. అలాంటి పిల్లల పేర్లు ఏ రిజిస్టరులో వెతకాలి?

చట్టం లేక కాదు. 1979 అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం, ఐదుగురిని తెచ్చే కాంట్రాక్టరుకైనా లైసెన్సు ఉండాలంది. ఫొటో ఉన్న పాస్‌బుక్, రానుపోను ఖర్చు, ఊరు విడిచినందుకు నెల కూలిలో సగం భత్యం ఇవ్వాలంది. ఇన్నేళ్లలో ఆ పాస్‌బుక్ ఒక్కటీ మా కంటపడలేదు. అమలు చేయని చట్టం స్థానంలో 2020లో కొత్త కోడ్ చేశారు. అందులో వలస కూలీల నిబంధనలకు ఐదుగురి లెక్క పదిమంది అయింది. కాంట్రాక్టరు లైసెన్సుకు హద్దు యాభై. ఊరు విడిచిన భత్యం మాయమైంది. తొమ్మిదిమందిని ట్రాలీ ఆటో ఎక్కించే మేస్త్రీని ఇక అడిగేదెవరు?

మేస్త్రీ మనవాడే కదా అంటారు. నిజమే. కానీ కూలి డబ్బులు ఆగినప్పుడు ఆసామి మేస్త్రీని చూపిస్తాడు, మేస్త్రీ ఆసామిని చూపిస్తాడు. కాగితం లేని మనిషి ఇద్దరి మధ్యా తిరుగుతాడు.

అయితే మన చేతిలోనూ ఒక చట్టం ఉంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఆదివాసులకిచ్చే అప్పులను అదుపుచేసే అధికారం గ్రామసభకు, పంచాయతీకి ఉండాలని 1996 పెసా చట్టం చెప్పింది. అడ్వాన్సు అప్పు కాక మరేమిటి? అప్పు కింద మనిషిని కట్టేయడం 1976 వెట్టిచాకిరీ రద్దు చట్టం ప్రకారం నేరం కూడా.

కాబట్టి మన ఊళ్లలో అడ్వాన్సు గ్రామసభ ముందే ఇవ్వాలి. ఎవరు, ఏ ఊరికి, ఎన్ని రోజులకు, ఎంత కూలికి పోతున్నారో, ఆసామి ఎవరో పుస్తకంలో రాయాలి. మేస్త్రీ సంతకం పెట్టాలి. బస్తర్ చుట్టాలు దిగిన ఊళ్లో వాళ్లకూ ఒక పేజీ ఉండాలి. పుస్తకం రాయడానికి పంతుళ్లం మేమున్నాం. పిల్లల పేర్లు మాత్రం అందులో రాయం. అవి ఉండాల్సింది మా హాజరుపట్టీలో.